కాన్పు ఆసుపత్రిలోనే, ఆదరణ మాటేమిటి?

రాయపూర్: గర్భిణులు కాన్పు కోసం ఆసుపత్రి గడప తొక్కేలా చేయడంలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం సాధించిన పురోగతి గణనీయమైనదే. 2005-06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు 14.3 శాతం మాత్రమే కాగా, 2015-16 నాటికి అవి 70.2 శాతానికి, 2019-21 నాటికి 85.7 శాతానికి పెరిగాయి. అయితే ఆ గడప దాటిన స్త్రీకి లేబర్ రూంలో ఎదురయ్యే అనుభవం ఎలాంటిదన్న ప్రశ్నకు ఈ అంకెల్లో సమాధానం లభించదు.

ఈ మార్పునకు బాటలు వేసినది 'మితానిన్' పథకం. ఛత్తీస్‌గఢీలో ఈ మాటకు నేస్తురాలని అర్థం. రాష్ట్రం ఏర్పడిన రెండేళ్లకు, 2002లో ప్రారంభమైన ఈ పథకమే అనంతరం దేశవ్యాప్త ఆశా కార్యకర్తల వ్యవస్థకు స్ఫూర్తినిచ్చింది. 2005లో కేంద్రం ప్రవేశపెట్టిన జననీ సురక్షా యోజన కింద గ్రామీణ బాలింతకు రూ.1,400 నగదు లభించింది. 2011లో మందులు, భోజనం, సిజేరియన్ సహా సమస్తం ఉచితమన్నారు. 2013లో 'మహతారీ ఎక్స్‌ప్రెస్' వాహనాలు వచ్చాయి. ఇవన్నీ స్త్రీని ఆసుపత్రికి చేర్చే ఏర్పాట్లే. చేరిన తర్వాత ఆమెతో ఎలా మాట్లాడాలన్నది ఈ పథకాల్లో దేనికీ ప్రధానాంశం కాలేదు.

ఇంటి కాన్పులో ప్రమాదాలు అనేకం. రక్తస్రావం అదుపు తప్పితే మంత్రసాని చేయగలిగింది స్వల్పమే. అయినా అక్కడ తల్లి, అత్త పక్కనే ఉంటారు. నొప్పులు పడుతున్న స్త్రీ నడవవచ్చు, గొంతుకు కూర్చోవచ్చు. కాన్పయ్యాక మూలికలతో కాచిన 'కాంకే పానీ' తాగిస్తారు. రద్దీగా ఉండే ప్రభుత్వాసుపత్రిలో బంధువులను తలుపు వద్దే నిలిపివేయడం, బల్లపై వెల్లకిలా పడుకోబెట్టడం, చేస్తున్నదేమిటో చెప్పకపోవడం దేశంలో పలుచోట్ల కనిపించేవే. 34 దేశాల అధ్యయనాలను క్రోడీకరించి 2015లో వెలువడిన ఒక పరిశీలన, కసురుకోవడం, కొట్టడం, వివక్ష, నిర్లక్ష్యం వంటి దుష్ప్రవర్తనలను ఏడు రకాలుగా వర్గీకరించింది. ఒకే నర్సు ఏకకాలంలో పలువురిని చూడవలసి వచ్చే చోట సౌమ్యత కరవు కావడంలో వింత లేదు. అది సమర్థన మాత్రం కాజాలదు.

తోడు మనిషి ఉండడం కేవలం మనసుకు ఊరట కాదని వైద్యశాస్త్రమే చెబుతోంది. 17 దేశాలకు చెందిన 15,800 మందికి పైగా స్త్రీలపై జరిగిన ప్రయోగాల ఫలితాలను 2017లో సమీక్షించగా, ఆద్యంతం తోడు లభించిన వారిలో సహజ కాన్పులు పెరిగినట్లు, చేదు అనుభవం మిగిలిందన్న వారి సంఖ్య తగ్గినట్లు తేలింది. ప్రభుత్వాసుపత్రుల్లో తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే నిర్ణయించింది. తనకు అనువైన భంగిమను ఎంచుకునే అవకాశం స్త్రీకి ఉండాలని, అందరికీ అలవాటుగా కోత పెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది.

ఆదరణను ప్రాణరక్షణ నుంచి వేరు చేసి చూడడం పొరపాటు. ఆసుపత్రిలో అవమానం జరిగిందన్న మాట గ్రామానికి చేరితే తర్వాతి గర్భిణి ఆలస్యంగా బయలుదేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు 2011-13లో 221 ఉండగా, 2018-20 నాటికి 137కు తగ్గాయి. అదే కాలానికి జాతీయ సగటు 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43.

అలాగని తెలుగు రాష్ట్రాలు ఆదర్శమనడానికీ వీల్లేదు. 2019-21 సర్వేలో సిజేరియన్లు ఛత్తీస్‌గఢ్‌లో 15.2 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. ఒకచోట అవసరమైన శస్త్రచికిత్స అందక, మరోచోట అనవసరంగా చేయించుకొని నష్టపోతున్నది స్త్రీయే. ఈ ధోరణిని తగ్గించేందుకే తెలంగాణ 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ సహకారంతో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. బస్తర్ సరిహద్దు గ్రామాల గర్భిణులు కాన్పుకోసం భద్రాచలం ప్రాంతీయ ఆసుపత్రికి రావడం కొత్త కాదు. కోయ మాత్రమే తెలిసిన స్త్రీకి ఆ భాష మాట్లాడే మనిషి లేబర్ రూంలో ఉండడం మందులతో సమానమైన అవసరం.

లేబర్ రూంల ప్రమాణాల కోసం కేంద్రం 2017 డిసెంబరులో 'లక్ష్య' కార్యక్రమాన్ని ప్రకటించింది. ప్రోత్సాహకం పొందాలంటే బాలింతల్లో కనీసం 80 శాతం మంది సంతృప్తి వ్యక్తం చేయాలన్నది అందులోని నిబంధనల్లో ఒకటి. ఆ అభిప్రాయాన్ని కాన్పు చేసిన సిబ్బంది ఎదుటే, మంచంపై ఉండగానే అడిగితే పేద స్త్రీ నోట ఫిర్యాదు వెలువడుతుందని ఆశించలేం. ఇల్లు చేరిన కొద్ది రోజులకు మితానిన్ వెళ్లి అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉండవచ్చు.