తొలగింపుపై న్యాయపోరాటమా?... ముందుగా ఖర్చుల పద్దు వేసుకోవాలి

విశాఖపట్నం: వ్యాజ్యంలో ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వెళ్లి ఏడ్చాడన్నది పాత నానుడి. ఉద్యోగం పోయిన కార్మికుల్లో పలువురు ఈ భయంతోనే న్యాయం కోసం తలుపు తట్టకుండా మిన్నకుంటారు. మరికొందరు లెక్కాపత్రం లేకుండా అప్పులు చేసి కేసు వేసి, నడిమధ్యలో చేతులెత్తేసి వచ్చినకాడికి రాజీ పడతారు. ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుల తొలగింపుపై 2025లో జరిగిన ఆందోళనలు, సమ్మె ఈ సమస్య నగరానికి ఎంత దగ్గరిదో చాటాయి. కేసుకు ఎంత ఖర్చవుతుందో, అందులో ఎంత తప్పించుకోవచ్చో ముందే తెలుసుకుంటే ఈ రెండు నష్టాలనూ నివారించుకోవచ్చు.

గడువు తగ్గింది

నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. తొలగింపునకు గురైన కార్మికుడు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించేందుకు పాత పారిశ్రామిక వివాదాల చట్టం మూడేళ్ల గడువు ఇవ్వగా, పారిశ్రామిక సంబంధాల స్మృతి దానిని రెండేళ్లకు కుదించింది. ముందుగా రాజీ అధికారికి దరఖాస్తు చేసుకోవాలి. 45 రోజుల్లో పరిష్కారం లభించకుంటే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. డబ్బు సమకూరాక చూద్దామని కాలయాపన చేస్తే హక్కుకే ముప్పు. పాత చట్టం ఉన్నప్పుడు తొలగించారు కదా అన్న ధీమా కూడా పనికిరాదు.

ఏ కార్యాలయానికి?

పోర్టు, ఉక్కు కర్మాగారం వంటి కేంద్ర సంస్థల వివాదాలు నగరంలోని ప్రాంతీయ లేబర్ కమిషనర్ (కేంద్ర) కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఆ సంస్థల్లో కాంట్రాక్టర్ల కింద పనిచేసేవారికీ ఇదే వర్తిస్తుంది. ప్రైవేటు కర్మాగారాలు, దుకాణాల సిబ్బంది రాష్ట్ర కార్మిక శాఖను ఆశ్రయించాలి. తప్పు కార్యాలయంలో దరఖాస్తు ఇస్తే నెలలు వృథా అవుతాయి. నెలకు రూ.18 వేలకు మించి వేతనం పొందే పర్యవేక్షక సిబ్బంది, మేనేజర్లు ఈ చట్టం ప్రకారం కార్మికులు కారు. వారు సివిల్ కోర్టుకు వెళ్తే క్లెయిము మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు చెల్లించాల్సి రావచ్చు.

ఏ పద్దు కింద ఎంత?

కార్మికుడి దరఖాస్తుకు అటువంటి కోర్టు ఫీజు ఉండదు. రాజీ చర్చల్లో న్యాయవాదులకు ప్రవేశం లేదు. అందువల్ల ఆ దశలో ప్రయాణం, జిరాక్సు ఖర్చులు తప్ప మరేమీ కావు. ట్రిబ్యునల్‌లో సైతం రిజిస్టరైన యూనియన్ ప్రతినిధి కార్మికుడి తరఫున వాదించవచ్చు. న్యాయవాదిని పెట్టుకుంటే మాత్రం ఫీజు మొత్తంగానా, వాయిదాకు ఇంతనా, టైపింగు ఖర్చులు అందులో కలిశాయా అన్నది ముందే కాగితంపై రాయించుకోవడం మేలు.

పారిశ్రామిక కార్మికులకు న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలకు కూడా ఆదాయ పరిమితి లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేస్తే న్యాయవాదిని నియమిస్తారు. 15100 నంబరుకు ఫోను చేసి కూడా వివరాలు తెలుసుకోవచ్చు.

పత్రాల సేకరణకు కొంత సొమ్ము కేటాయించాలి. ఏడాదిలో 240 రోజులు పనిచేసినట్లు నిరూపించాల్సిన బాధ్యత కార్మికుడిదేనని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. గేటు పాసు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ పాసుపుస్తకం, జీతం జమయిన బ్యాంకు ఖాతా నకలు ఇందుకు ఆధారాలు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ వద్ద ఉన్న రికార్డులను సమాచార హక్కు చట్టం కింద రూ.10 రుసుముతో, పేజీకి రూ.2 చొప్పున పొందవచ్చు.

ప్రయాణాల పద్దును విస్మరించరాదు. కేంద్ర పారిశ్రామిక ట్రిబ్యునల్ హైదరాబాద్‌లో ఉంది. యాజమాన్యం తీర్పును సవాలు చేస్తే అమరావతిలోని హైకోర్టుకు వెళ్లాలి. రానుపోను చార్జీలు, బస, భోజనంతో పాటు ఆ రోజు పోయే కూలిని కూడా లెక్కలో చేర్చాలి.

అసలు భారం ఇంటి ఖర్చే

కేసు ఖర్చు కంటే జీతం లేని నెలల్లో ఇల్లు గడవడమే కష్టం. నూటికి రెండు రూపాయల వడ్డీకి రూ.50 వేలు తెస్తే మూడేళ్లకు వడ్డీయే రూ.36 వేలవుతుంది. అందుకే వివాదం లేని బకాయిలను ముందుగా రాబట్టుకోవాలి. ఉదాహరణకు నెలకు రూ.20,800 వేతనంతో 15 ఏళ్లు పనిచేసిన వ్యక్తికి గ్రాట్యుటీ లెక్క ఇలా ఉంటుంది: వేతనాన్ని 26తో భాగించి, 15 రోజులతోను, 15 ఏళ్లతోను హెచ్చిస్తే రూ.1.80 లక్షలు. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే చెల్లించాల్సిన బాధ్యత ప్రధాన యజమానిపై ఉంటుంది. ఈ సొమ్ము తీసుకునేటప్పుడు ‘తొలగింపును అంగీకరించడం లేదు’ అని రసీదుపై రాయాలి. ఇక ఏ బాకీ లేదన్న కాగితంపై చదవకుండా సంతకం చేయరాదు.

బతుకుతెరువు కోసం వేరే పని చేయడం తప్పు కాదు. అయితే ఆ సంగతి దాచిపెట్టడం ప్రమాదం. వెనుకటి వేతనాలు కోరే కార్మికుడు తనకు వేరే ఉపాధి లేదని, లేదా తక్కువ వేతనానికి పనిచేశానని ట్రిబ్యునల్‌కు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2013లో పేర్కొంది. తిరిగి విధుల్లోకి తీసుకోవాలన్న తీర్పుపై యాజమాన్యం హైకోర్టుకు వెళితే, వేరే ఉపాధి లేని కార్మికుడికి చివరి వేతనం చెల్లిస్తూనే కేసు నడపాలి. దీనికి ప్రమాణపత్రం దాఖలు చేయడం తప్పనిసరి.

ఫలితంపైనా అంచనా ఉండాలి

గెలిచిన ప్రతివారికీ ఉద్యోగం తిరిగి రాదు. దినవేతన కార్మికులను నిబంధనలు పాటించకుండా తొలగించిన కేసుల్లో పునర్నియామకానికి బదులు నష్టపరిహారం సరిపోతుందని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి మొత్తం ఖర్చును పూర్తి వెనుకటి వేతనంతో కాకుండా, తక్కువలో తక్కువగా రాగల పరిహారంతో పోల్చి చూసుకోవాలి. రాజీ ప్రతిపాదన వచ్చినప్పుడు ఒప్పుకోవాలో, పోరాడాలో తేల్చుకోవడానికి ఈ పద్దే ఆధారం. ఒకే రకమైన తొలగింపునకు గురైనవారు కలిసికట్టుగా కదిలితే పత్రాలు, ప్రయాణాలు, న్యాయవాది ఖర్చులను పంచుకోవచ్చు. అయితే ఎవరి దరఖాస్తు గడువును వారే చూసుకోవాలి.