కోతా, కరెంటా, కాపలాయా?
ప్రోస్టేటు కాన్సరు వచ్చిన పెద్దాయన ఇంట్లో తేలని పంచాయితీ

అరవై దాటిన మగవాళ్ళకు రాత్రి నాలుగైదుసార్లు లేవడం, ధార సన్నగా పడడం కొత్తేమీ కాదు. ఉద్దానం పల్లెల్లోనైతే ఒంటేలుకు సంబంధించి ఏ ఇబ్బంది వచ్చినా ముందు కిడ్నీ మీదకే అనుమానం పోతుంది. చాలామందికి అది కాన్సరు కాదు, వయసుతో గ్రంథి ఉబ్బడమే. కాని పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్షలో అంకె హెచ్చుగా వచ్చి, ముక్క పరీక్షలో కాన్సరని తేలితే అసలు చిక్కు అప్పుడు మొదలవుతుంది. వైద్యం లేక కాదు, ఒకటికి నాలుగు వైద్యాలు ఉన్నందువల్ల.

శ్రీకాకుళం జిల్లాలో నాలుగెకరాల వరి, కాస్త కొబ్బరితోట ఉన్న అరవై ఎనిమిదేళ్ళ రైతు ఒకాయన ఉన్నాడనుకోండి. "కోయించేసుకో నాన్నా, పీడ పోతుంది" అంటాడు పెద్దకొడుకు. "కరెంటు పెట్టిస్తే సరిపోయేదానికి కోత ఎందుకు మావయ్యా" అంటాడు అల్లుడు. "ముట్టుకుంటే పాకిపోద్ది, అలా వదిలెయ్" అంటాడు అరుగు మీది పెద్దమనిషి. ఈ మూడింటిలో చెవిన పెట్టకూడనిది ఆఖరి మాట ఒక్కటే. ఆ భయంతో వైద్యం మానుకున్నవాళ్ళే నష్టపోతున్నారు.

ముందు తేలవలసింది ఒకటుంది. మూత్రాశయం కింద ఉసిరికాయంత ఉండే ఆ గ్రంథిలోనే రోగం ఆగిందా, ఎముకల దాకా పోయిందా? స్కానింగులు అందుకే. ముక్క పరీక్ష కాగితం మీద గ్లీసన్ అని ఒక లెక్క ఉంటుంది. ఆరు ఉంటే రోగం నెమ్మదైనది, ఎనిమిది నుంచి పది ఉంటే దూకుడైనది.

గ్రంథిలోనే ఉంటే...

బ్రిటన్‌లో 1999 నుంచి 2009 వరకు యాభై నుంచి అరవై తొమ్మిదేళ్ళ మధ్య వయసు రోగులు 1,643 మందిని చీట్లు వేసినట్టు మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆపరేషను, ఒక జట్టుకు కరెంటు, మూడో జట్టుకు పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉండడం. పదిహేనేళ్ళ తర్వాతి లెక్క 2023లో బయటికి వచ్చింది. ఏ జట్టులో చూసినా ఈ కాన్సరుతో పోయినవాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురే. కనిపెట్టి ఉన్న జట్టులో రోగం పాకినవాళ్ళు నూటికి తొమ్మిది మంది, తక్కిన రెండు జట్లలో ఐదుగురు. కనిపెట్టి ఉన్నవాళ్ళలో సుమారు పావువంతు మంది పదిహేనేళ్ళ తర్వాత కూడా ఏ వైద్యమూ లేకుండానే బతికి ఉన్నారు.

అయితే వాళ్ళంతా రక్తపరీక్షతో తొలిదశలోనే దొరికినవాళ్ళు. బాధ వచ్చాక ఆస్పత్రి మెట్టెక్కే మన పల్లెవాళ్ళందరికీ ఆ లెక్క అచ్చంగా అతకదు. కాని రోగం నెమ్మదైనదని తేలినవాళ్ళకు నెలా రెండు నెలలు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. తెల్లారేసరికి బల్ల ఎక్కాలన్న తొందరేమీ లేదు.

ఇక ఎంచుకోవలసింది ఏ వైద్యం గొప్పదని కాదు. దేని తర్వాత వచ్చే ఇబ్బందితో ఆ మనిషి బతకగలడన్నది. ఆపరేషనులో గ్రంథిని మొత్తంగా తీసేస్తారు (ఉబ్బిన గ్రంథిని లోపల్నుంచి గీకే ఆపరేషను వేరు, ఇది వేరు). వారం రెండు వారాలు గొట్టం ఉంటుంది, కొన్ని వారాలు బస్తా మొయ్యకూడదు. ఆ బ్రిటన్ జట్టులో ఆరు నెలలప్పుడు ఆపరేషను అయినవాళ్ళలో దాదాపు సగంమంది మూత్రం కారకుండా గుడ్డ పెట్టుకోవలసి వచ్చింది. పోనుపోను చాలామందికి తగ్గింది, కొందరికి తగ్గలేదు. వంగి ఊడుపు ఊడ్చేవాడికి అది చిన్న సంగతి కాదు.

కరెంటుకు కోత లేదు, నొప్పి లేదు. పెట్టేది కొద్ది నిమిషాలే. కాని వారానికి ఐదు రోజుల చొప్పున వెళ్ళాలి. ఇదివరకు ఏడెనిమిది వారాలు పట్టేది, ఇప్పుడు చాలామందికి నాలుగు వారాల్లో, ఇరవై విడతల్లో ముగిస్తున్నారు. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కాన్సరు ఆస్పత్రి శ్రీకాకుళం పట్నానికి వంద కిలోమీటర్ల పైమాటే. రోజూ వచ్చిపోవడం కుదరదు కనుక బస ఖర్చు లెక్క వేసుకోవాలి. కొందరికి తర్వాత విరేచనంలో నెత్తురు, మలం ఆగకపోవడం వంటి బాధలుంటాయి. రోగం దూకుడైనదైతే కరెంటుతోపాటు నెలల తరబడి ఇంజెక్షన్లు కూడా ఉంటాయి. సంసార సుఖం రెండింటితోనూ దెబ్బతినవచ్చు. ఆపరేషనుతో వెంటనే, కరెంటుతో మెల్లగా. ఈ సంగతి ఇంటావిడ ముందు డాక్టరును అడగడానికి సిగ్గుపడి, తర్వాత బాధపడేవాళ్ళు ఎక్కువ.

ఎముకకు పాకితే...

మన పల్లెల్లో నడుంనొప్పికి మందుబిళ్ళలు మింగీ మింగీ ఆలస్యంగా వచ్చేవాళ్ళు తక్కువేమీ కాదు. వాళ్ళకు గ్రంథిని కోసినంత మాత్రాన నయం కాదు. ఈ కాన్సరుకు మేత మగ హార్మోను. ఆ మేత ఆపితే రోగం తగ్గుముఖం పడుతుందని అమెరికాలో హగిన్స్ అనే డాక్టరు 1941లో చూపాడు, 1966లో నోబెల్ బహుమానం అందుకున్నాడు. మేత ఆపడానికి దారులు రెండు. నెలకో, మూడు నెలలకో ఇంజెక్షను వేయించుకుంటూ పోవడం ఒకటి. చిన్న ఆపరేషనుతో బీజాలు తీసేయడం రెండోది.

"కోడెకు విత్తు కొట్టినట్టా?" అని రెండోదానికి మొహం తిప్పుకుంటారు. ఆ నొచ్చుకోవడం అర్థం చేసుకోదగ్గదే. కాని ఫలితంలో రెండూ ఒకటే. ఒంట్లో సెగలు, ఎముకలు పలచబడడం, కోరిక తగ్గడం ఇంజెక్షనుకూ ఉన్నాయి. తేడా ఏమంటే ఇంజెక్షను ఆపుకోవచ్చు, ఆపరేషను వెనక్కి రాదు. అయితే డబ్బు చాలకో, కోతల రోజులని బస్సెక్కకో రెండు ఇంజెక్షన్లు తప్పితే రోగం మళ్ళీ తలెత్తుతుంది. ప్రతిసారీ పట్నం పోలేనివాడికి ఒక్కసారితో అయిపోయేదే నయం. ఏ దారి పట్టినా ఇప్పుడు దానికి తోడు అబిరాటెరోన్ వంటి బిళ్ళలు ఇస్తున్నారు. వాటితో ఆయుష్షు పెరుగుతున్నట్టు తేలింది.

కోసే డాక్టరు కోతనే, కరెంటు డాక్టరు కరెంటునే ముందు చెప్పడం సహజం. అందుకే ఇద్దరినీ కలవాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకంలో కాన్సరు వైద్యాలు ఉన్నాయి. డాక్టరు రాసిన వైద్యం అందులో వస్తుందో రాదో చేరకముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. ముక్క పరీక్ష చేసినచోట కాగితంతోపాటు గాజుపలకలు, మైనం దిమ్మలు కూడా అడిగి తీసుకోవాలి. రెండో ఆస్పత్రివాళ్ళు వాటినే చూస్తారు కాబట్టి పెద్దాయనకు మళ్ళీ సూది గుచ్చే పని తప్పవచ్చు.