రెడ్ వైన్ గుండెకు మంచిదేనా?

"డాక్టరుగారూ, రెడ్ వైన్ గుండెకు మంచిదట కదా! మా ఆయనకు రోజూ కొంచెం ఇవ్వవచ్చా?" అని కొందరు అడుగుతుంటారు.

కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడటం మనకు తెలిసిందే. అందులోని పాలీఫినాల్స్ ఆక్సీకరణం చెందడమే కారణం. ఇవి ద్రాక్ష తొక్కలో, గింజల్లో, వైన్‌లో కూడా ఉంటాయి. ఇవి ఎలక్ట్రాన్లను సులువుగా వదులుతాయి. వాటిని తీసుకున్న పదార్థం క్షయకరణం చెందుతుంది. ఈ గుణాన్ని ప్రయోగశాలలో రెండు విధాలుగా కొలుస్తారు.

1. ఫోలిన్ పరీక్ష: పసుపురంగు ఫోలిన్ ద్రావణంలో వైన్, సోడా కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే పాలీఫినాల్స్ అంత ఎక్కువ. అయితే వైన్ నిల్వకు కలిపే సల్ఫైట్ కూడా కొంత నీలిరంగునిస్తుంది.

2. వోల్టామెట్రీ: వైన్‌లో కార్బన్ ఎలక్ట్రోడ్ ముంచి వోల్టేజిని క్రమంగా పెంచుతారు. ఎలక్ట్రాన్లను తేలికగా వదిలేవి తక్కువ వోల్టేజిలోనే కరెంటునిస్తాయి.

ఈ పరీక్షల్లో రెడ్ వైన్‌కు ఎక్కువ విలువలే వస్తాయి. కానీ అవి గాజుపాత్రలోని లెక్కలు. తాగినవారి రక్తంలోకి పాలీఫినాల్స్ చేరేది కొద్దిగానే, అదీ రూపం మారి. ఆల్కహాల్ మాత్రం దాదాపు పూర్తిగా చేరుతుంది. ఎంత తక్కువైనా మద్యం సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

పాలీఫినాల్స్ కావాలంటే ఉసిరి, జామ, ద్రాక్ష, టీ ఉన్నాయి. షుగరు ఉన్నవారు పండ్ల మోతాదు డాక్టరును అడగండి. మందు పేరుతో రోగికి వైన్ ఇవ్వకండి.