మట్టి గోడకు సిమెంటు ఎందుకు పూయకూడదు?

వానకు కరిగేది మట్టి, కరగనిది సిమెంటు. అలాంటప్పుడు పాత మట్టి గోడ పెచ్చులూడితే పైన సిమెంటు పూసేస్తే సరిపోదా? తెలివైన ప్రశ్నే. అమెరికాలోని న్యూమెక్సికోలో, రాంచోస్ డి తావోస్ అనే ఊళ్లో ఉన్న పాత మట్టి చర్చికి 1967లో సరిగ్గా అదే చేశారు. కొన్నేళ్లకే లోపలి పచ్చి ఇటుకలు నాని చెడిపోతున్నాయని తేలింది. మట్టి గోడ నేల నుంచీ వాన నుంచీ కాస్త తడి పీల్చుకుంటుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. తడిస్తే కొద్దిగా ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. బిరుసైన సిమెంటు దానితో పాటు కదల్లేదు, పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోంచి నీరు లోపలికి పోతుంది. బయటికి రావడమే కష్టం. తడి తువ్వాలును ప్లాస్టిక్ సంచిలో మూట కడితే ఏమవుతుందో మీకు తెలుసుగా!

అందుకే గోడను దేనితో కట్టారో దానితోనే బాగుచేయాలి. వదులైన మట్టి గీకేసి, గోడను కొద్దిగా తడిపి, గడ్డి కలిపి తొక్కిన మట్టిని పలుచగా పూస్తారు. తడపకపోతే పొడి గోడ కొత్త మట్టిలోని నీరంతా లాగేస్తుంది, పూత అంటుకోదు. గడ్డేమో ఆరేటప్పుడు పగుళ్లు రాకుండా మట్టిని పట్టి ఉంచుతుంది. మరి ఆ పూత కూడా వానకు కొట్టుకుపోదా? పోతుంది, పోవాలి కూడా! అది అరిగితేనే గోడ మిగులుతుంది. మళ్లీ మళ్లీ పూయడం శ్రమే, కాదనలేం. గోడ కూలితే పడే పాట్లతో పోలిస్తే మాత్రం తక్కువే. ఆ చర్చికి 1979లో సిమెంటు ఒలిచేసి మట్టే పూశారు. ఇప్పటికీ ఏటా ఊరివాళ్లు కలిసి ఆ పని చేస్తున్నారు.