పాటల పెట్టెలో కీచులాట

కంప్యూటరులో పాట రికార్డు చేస్తూంటే మధ్యమధ్య చిటపటలు వస్తున్నాయని వాపోయేవారు మనలో చాలామంది. మైకుదే లోపమని మరొకటి కొని తెస్తారు, చిటపట పోదు. తరచు తప్పు మైకుది కాదు, లోపలి భాగాల కీచులాటది.

పూర్వం యీ తగవు బాహాటంగానే వుండేది. ఆనాటి పీసీలో ప్రాసెసరును పిలిచేందుకు 0 మొదలు 15 వరకే నంబర్లు. సౌండు కార్డుకూ ప్రింటరుకూ 7వ నంబరే తటస్థిస్తే, పాట ఆగడమో, యంత్రమే బిగుసుకుపోవడమో జరిగేది. కార్డును 5కు మార్చుకునేవారు. 1995లో విండోస్ 95 వచ్చాక యీ పంపకం చాలావరకు యంత్రమే చూచుకోసాగింది.

నేటి తగవు వేరు. లోపలి సౌండు చిప్పుకు ఒక గడియారం, బయట తగిలించే యూఎస్‌బీ పెట్టెకు మరొకటి. మైకు దీనికీ హెడ్‌ఫోను దానికీ పెడితే రెండు గడియారాలూ మెల్లగా యెడమవుతాయి, చిటపట మొదలు. రెండూ ఒకే పెట్టెకు తగిలించండి. ఆ పెట్టెను హబ్బుకు గాక నేరుగా కంప్యూటరుకే పెట్టండి. వైఫై ఆపి చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. 44,100 రేటుతో తీసిన పాట 48,000తో మోగితే శ్రుతి సుమారు ఒకటిన్నర మెట్టు పెరుగుతుంది. భాగవతారుగారు బాలుడైపోతారు! గుంయిమనే హోరు మాత్రం సాధారణంగా 50 సైకిళ్ల కరెంటుది. చార్జరు పీకగానే పోతే ఎర్తు చూపించండి.

సదర్ పత్రప్ప రోడ్డుకు పరుగెత్తేముందు వీటిని ఒక్కొక్కటే మార్చి, ప్రతిసారీ అయిదు నిమిషాలు రికార్డు చేసి వినండి. రెండు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఇదంతా పెద్దవాళ్ళను కూర్చోబెట్టకముందే కావాలి. యెనభై యేళ్ళ అమ్మమ్మ మంగళహారతి ఒకసారి పాడుతుంది. చిటపట వచ్చింది, మళ్ళీ పాడమంటే, గొంతు పట్టేసిందని లేచిపోతుంది.