పాముకాటుకు మంత్రం కాదు, వేళకు వైద్యమే రక్ష

అవనిగడ్డ: ప్రకాశం బ్యారేజీ నుండి కాలువలకు నీరు వదిలి, దివిసీమలో సార్వా ఊడ్పులు మొదలయ్యాయంటే రైతుకూలీలకు పనితోబాటు పాముల భయం కూడా మొదలవుతుంది. చేలల్లో నీరు నిలవగానే ఎలుకలు బొరియలు వదిలి గట్లెక్కుతాయి. వాటి వెనుకే పాములూ చేరతాయి. తెల్లవారకముందే ఆకుమడికి పోయేవారు, రాత్రివేళ చేనుకు నీరు పెట్టుకునేవారు కాలు మోపేది ఆ గట్ల మీదే.

2018 ఆగస్టులో ఈ ప్రాంతంలో పాముకాట్లు వంద దాటడంతో జనం బెంబేలెత్తిపోయారు. ఆ నెలలోనే మోపిదేవి శ్రీ సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం జరిగింది. భక్తి మాట భక్తిది. కాటుపడిన మనిషి ప్రాణం దక్కేది మాత్రం ఆసుపత్రిలో వేళకు పడిన మందువల్లనే. ఆ మందు ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్నది తేల్చినవారు బోధనాసుపత్రుల వైద్యాచార్యులు. వార్డుల్లో రోగుల పక్కన నిలబడి వారు చేసిన పరిశోధనల ఫలితం పల్లెలకు ఇంకా పూర్తిగా చేరలేదు.

2005లో దేశం మొత్తం మీద పాముకాటుతో సుమారు 45,900 మంది చనిపోయినట్లు 2011లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఉత్తరప్రదేశ్ తర్వాత ఎక్కువ మరణాలు, అంటే 5,200, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగాయి. నూటికి 77 మంది ఆసుపత్రి వెలుపలే కన్నుమూశారన్నది అందులో గమనించవలసిన విషయం.

గాజు గొట్టం పరీక్ష

రక్తపింజర, చిన్నపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనీయదు. చిగుళ్ల నుండి, మూత్రంలో రక్తం పోతుంది. రక్తపింజర కాటుకు మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. 1970 దశకంలో నైజీరియాలోని జారియా ఆసుపత్రిలో పనిచేసిన ఆంగ్లేయ వైద్యుడు డేవిడ్ వారెల్, ఆయన సహచరులు దీన్ని కనిపెట్టడానికి తేలికైన పరీక్షను వాడుకలోకి తెచ్చారు. రోగి రక్తం కొద్దిగా తీసి శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తర్వాత వంచి చూస్తే రక్తం నీళ్లలా జారిందంటే విషం ఒంటికెక్కినట్లే. వెంటనే విరుగుడు మందు పెట్టాలి. గడ్డకడితే రోగిని పంపివేయకుండా మళ్లీ మళ్లీ పరీక్షించాలి. ప్లాస్టిక్ గొట్టం దీనికి పనికిరాదు.

కరెంటుతోను, ఖరీదైన యంత్రాలతోను పనిలేని ఈ పరీక్ష ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా చేయవచ్చు. అయితే నాగుపాము, కట్లపాము విషం నరాలను పట్టేది గనుక వాటి కాటు ఇందులో తేలదు. కనురెప్పలు వాలడం, మాట తడబడటం, ఊపిరి భారం కావడం వాటి గుర్తులు.

మందు ఎంత?

విరుగుడు మందును గుర్రాల రక్తం నుండి తయారు చేస్తారు. అందుకు కావలసిన పాము విషంలో ఎక్కువ భాగం తమిళనాడులోని ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుండి వస్తోంది. ఒకే జాతి పాము విషంలోనూ ప్రాంతాన్ని బట్టి తేడాలున్నాయని పరిశోధకులు తేల్చారు. కాబట్టి మందు పనిచేసిందీ లేనిదీ రోగి పక్కన ఉండి చూడవలసిందే.

పుదుచ్చేరి జిప్మర్ వైద్యాచార్యులు పింజర కాటు రోగులకు వేర్వేరు మోతాదులు ఇచ్చి పోల్చి చూశారు. తక్కువ మోతాదును సెలైన్‌లో నెమ్మదిగా ఎక్కించే పద్ధతి ఎక్కువ మోతాదుకు తీసిపోలేదని 2004లో ప్రకటించారు. పిల్లలకు మోతాదు తగ్గించరాదన్నది మరో ముఖ్యమైన సంగతి. మనిషి చిన్నవాడైనంత మాత్రాన పాము తక్కువ విషం వదలదు.

ఈ మందు కొందరికి సరిపడక ప్రాణం మీదికి వస్తుంది. శ్రీలంక వైద్యులు మూడు ఆసుపత్రుల్లో 1,007 మంది రోగులపై దీన్ని పరిశీలించారు. మందుకు ముందు కొద్ది మోతాదు అడ్రినలిన్ ఇస్తే మొదటి గంటలో తీవ్రమైన వికటింపులు 43 శాతం తగ్గాయని 2011లో తెలియజేశారు.

మోటారు సైకిలు, దోమతెర

మన డెల్టాలాగే వరి పండే నేపాల్ తెరాయి ప్రాంతంలో ధరాన్ వైద్య విజ్ఞాన సంస్థ ఆచార్యులు, జెనీవా ఆసుపత్రి వైద్యులు కలిసి చేసిన కృషి దివిసీమకు బాగా ఉపకరించేది. కాటుపడిన వారిని ఊళ్లోని స్వచ్ఛంద సేవకులు మోటారు సైకిలుపై మధ్య కూర్చోబెట్టుకొని చికిత్సా కేంద్రానికి చేర్చే ఏర్పాటు చేశారు. ఊరూరా ప్రచారం కూడా జరిపారు. ఆ గ్రామాల్లో కాటుపడిన వారిలో మరణాలు నూటికి 10.5 నుండి 0.5కు పడిపోయాయి.

దోమతెరలో పడుకునేవారికి పాముకాటు తక్కువని వీరే 2007లో తెలిపారు. కట్లపాము సాధారణంగా రాత్రివేళ నేలమీద నిద్రపోయేవారిని కరుస్తుంది. నొప్పి గాని, వాపు గాని అంతగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలిపోతుంటే అజీర్తి అనుకొని ఉపేక్షించరాదు.

కాటుపడిన చోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం హానికరం. మెట్టెలు, ఉంగరాలు తీసివేయాలి. కరిచిన కాలు లేక చేయి కదలకుండా బద్ద కట్టి, ధైర్యం చెప్పి వెంటనే ఆసుపత్రికి తరలించాలి. పామును వెతికి చంపడానికి పోతే కాలయాపనే గాక మరొకరికి కాటుపడే ప్రమాదం ఉన్నది.

2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ప్రతి కేసును విధిగా నమోదు చేయించాలని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలను కోరింది. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. దివిసీమలో ఏ పాము ఎందరిని కరిచింది, ఎన్ని సీసాల మందు పట్టింది, ఎంత ఆలస్యంగా వచ్చారు అన్న లెక్కలు అక్కడి వైద్యాచార్యులు వార్డులోనే కూర్చి పెడితే, తర్వాతి పరిశోధన ఈ జిల్లా నుండే రాగలదు. ఈలోగా ఊడ్పుల నాటికి ప్రతి ఆరోగ్య కేంద్రంలోను విరుగుడు మందు, గాజు గొట్టాలు సిద్ధంగా ఉండేలా అధికారులు చూడవలసి ఉన్నది.