భూకంపం ఎక్కడ వచ్చిందో నిమిషాల్లో ఎలా తెలుస్తుంది?

2024 డిసెంబర్ 4 ఉదయం 7.27కి ములుగు జిల్లాలో భూమి కంపించింది. హైదరాబాద్‌లోనూ ప్రకంపనలు తెలిశాయి. తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లని జాతీయ భూకంప అధ్యయన కేంద్రం (ఎన్‌సీఎస్) ప్రకటించింది. ఇలాంటి వివరాలను ముందుగా లెక్కగట్టేది సాఫ్ట్‌వేరే.

గుర్తించేది ఇలా..

సీస్మోమీటర్లు నేల కదలికలను నిరంతరం కంప్యూటర్లకు పంపుతుంటాయి. తాజా ఒకట్రెండు సెకన్ల కదలికను సాఫ్ట్‌వేర్ అంతకుముందు అర నిమిషం సగటుతో పోలుస్తుంది. ఒక్కసారిగా కొన్ని రెట్లు పెరిగితే నమోదు చేసుకుంటుంది. ఒక్క స్టేషన్‌లోనే అయితే పక్కనుంచి వెళ్లిన లారీ కావచ్చు. పలు స్టేషన్లలో, తరంగాల వేగానికి సరిపడే వ్యవధిలో కనిపిస్తేనే భూకంపంగా లెక్కిస్తుంది.

చోటు తెలిసేదెలా?

ముందుగా పి తరంగాలు సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. వాటి వెనుక ఎస్ తరంగాలు సుమారు 3.5 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. ఈ రెండింటి మధ్య ప్రతి సెకను తేడాకు దూరం దాదాపు 8 కిలోమీటర్లు. ములుగు భూకంప కేంద్రం హైదరాబాద్‌కు సుమారు 220 కిలోమీటర్లు కాబట్టి, తేడా 27 సెకన్ల వరకు ఉంటుంది. ఇలా ఒక్కో స్టేషన్ నుంచి దూరం తెలుస్తుంది. మూడు స్టేషన్ల చుట్టూ ఆ దూరాలతో వృత్తాలు గీస్తే, అవి కలిసే చోటే భూకంప కేంద్రం. ఇంకా ఎక్కువ స్టేషన్ల సమయాలతో సాఫ్ట్‌వేర్ దీన్ని సరిచూస్తుంది. జర్మనీకి చెందిన జీఎఫ్‌జెడ్ సంస్థ రూపొందించిన 'సీస్‌కాంప్'ను ఇందుకోసం చాలా దేశాలు వాడుతున్నాయి.

అంకెలు ఎందుకు మారతాయి?

తొలి లెక్క కొన్ని స్టేషన్ల సమాచారంతోనే వస్తుంది. మిగతావి అందాక, నిపుణులు పరిశీలించాక తీవ్రత, చోటు కొంత మారొచ్చు. దగ్గర్లో స్టేషన్ లేకపోతే లోతు తేల్చడం మరీ కష్టం. అంకె మారిందంటే ఏదో దాస్తున్నారని కాదు.

ముందే చెప్పగలదా?

లేదు. మొదలైన భూకంపాన్ని గుర్తించడమే దీని పని. 'రాత్రికి మళ్లీ వస్తుంది' అంటూ సమయంతో సహా వచ్చే వాట్సాప్ మెసేజ్‌లను నమ్మొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2023 నుంచి భారత్‌లో అందుబాటులో ఉన్న భూకంప అలర్టులూ ప్రకంపనలు మొదలయ్యాకే వస్తాయి. దూరంగా ఉన్నవారికి కొన్ని సెకన్ల వ్యవధి దొరకొచ్చు. కేంద్రానికి దగ్గర్లో అదీ దక్కకపోవచ్చు.

అందుకే అలర్ట్ కోసం చూడకండి. నేల కదిలిందనిపిస్తే వెంటనే గట్టి బల్ల కిందకు చేరి, తల కాపాడుకోండి. లిఫ్ట్ ఎక్కొద్దు. వివరాలను తర్వాత ఎన్‌సీఎస్ 'భూకంప్' యాప్‌లో చూసుకోవచ్చు.